సుంకం లేని నేల – 4 : రెండు చదరపు కిలోమీటర్లు చాలన్న మనిషి

షెన్‌జెన్ గురించి రాసేవాళ్లలో చాలామంది "ఒకప్పుడు అదొక జాలరి పల్లె" అని మొదలుపెడతారు. వినడానికి బాగుంటుంది కానీ నిజం కాదు. 1970ల చివర అక్కడున్నది బావోఆన్ అనే జిల్లా. జనాభా మూడు లక్షల పైచిలుకు. వరి పండించేవాళ్లు, లిచీ తోటలు వేసేవాళ్లు, తీరంలో ఆల్చిప్పలు పెంచేవాళ్లు, అక్కడక్కడా చేపలు పట్టేవాళ్లు ఉండేవారు. షెన్‌జెన్ అన్నది ఆ జిల్లా కేంద్రం, ఓ చిన్న పట్నం. కాంటన్ (నేటి గ్వాంగ్‌జౌ) నుంచి హాంకాంగ్‌కు వేసిన రైలు మార్గం 1911లోనే దాని మీదుగా పోయింది. పట్నానికి దక్షిణాన పెద్ద వెడల్పు లేని ఒక నది, దాని అవతల బ్రిటిష్ జెండా కింద హాంకాంగ్.

ఆ జిల్లా అధికారులకు అప్పట్లో నిద్ర పట్టనివ్వని సంగతి ఒకటే. జనం పారిపోతున్నారు.

1950ల నుంచీ అదే వరస. కరువొచ్చిన 1962లో గుంపులు గుంపులుగా పోయారు. 1970ల చివర మళ్లీ ఊపందుకుంది. కొండలెక్కి కొందరు, బాస్కెట్‌బాల్ లోపలి రబ్బరు తిత్తులు నడుముకు కట్టుకుని షెన్‌జెన్ అఖాతం ఈదుతూ కొందరు. కాపలా సైనికులకు దొరికినవాళ్లు దొరికారు, సముద్రం మింగినవాళ్ల లెక్క ఎవరి దగ్గరా లేదు. అవతల హాంకాంగ్ ప్రభుత్వం 1974 నుంచి ఒక వింత నిబంధన పెట్టుకుంది. సరిహద్దు దగ్గర పట్టుబడితే వెనక్కి పంపుతారు, తప్పించుకుని నగరం దాకా చేరితే ఉండనిస్తారు. యువకులకు ఇంతకంటే పెద్ద పందెం ఏముంటుంది?

1977 నవంబరులో డెంగ్ షియావోపింగ్ గ్వాంగ్‌డోంగ్ రాష్ట్రానికి వచ్చినప్పుడు స్థానిక నాయకులు ఈ సంగతి విన్నవించుకున్నారు. ఇది మన విధానాల లోపం, సైన్యంతో ఆపగలిగేది కాదు అన్నట్టుగా ఆయన జవాబిచ్చాడు. మరుసటి ఏడాది వేసవిలో రాష్ట్ర నాయకుడు షీ జోంగ్‌షున్, అంటే ఇప్పటి అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ తండ్రి, సరిహద్దు పల్లెలు తిరిగి చూశాడు. నదికి ఈవలా ఆవలా లువోఫాంగ్ అనే పేరుతోనే రెండు ఊళ్లున్నాయి. ఈ గట్టున రైతు ఏడాది ఆదాయం 134 యువాన్లని, ఆ గట్టున 13,000 హాంకాంగ్ డాలర్లని అప్పట్లో లెక్క తేల్చారు. పైగా ఆ గట్టున స్థిరపడ్డవాళ్లు ఈ గట్టునుంచి వెళ్లినవాళ్లే. అదే మట్టి, అదే మనుషులు.

1979 ఏప్రిల్‌లో బీజింగ్‌లో జరిగిన కేంద్ర సమావేశంలో షీ జోంగ్‌షున్ పైవాళ్లకు కాస్త మింగుడుపడని కోరిక కోరాడు. మా రాష్ట్రానికి కొన్ని అధికారాలు వదిలేయండి, హాంకాంగ్, మకావు పక్కనే ఉన్నాం, ఆ లాభం మమ్మల్ని వాడుకోనివ్వండి అన్నాడు. డెంగ్ సరేనన్నాడు. అయితే కేంద్రం దగ్గర డబ్బు లేదని, వెసులుబాట్లు మాత్రమే ఇవ్వగలమని, నెత్తురోడుతూనైనా దారి మీరే చేసుకోవాలని చెప్పాడు. డబ్బు లేకపోవడమే ఆ తర్వాతి కథనంతా నడిపించిందని చెప్పాలి. ఖజానా నిండుగా ఉంటే బహుశా బీజింగ్ అక్కడో ఉక్కు కర్మాగారం కట్టి ఊరుకునేది.

ఈ సమావేశానికి రెండు నెలల ముందే ఒక మనిషి తన పని తాను మొదలుపెట్టేశాడు. పేరు యువాన్ గెంగ్. 1917లో బావోఆన్ జిల్లాలోనే పుట్టాడు. జపాన్‌తో యుద్ధంలో గెరిల్లా దళంలో గూఢచారి విభాగం నడిపాడు. తర్వాత జకార్తాలో దౌత్య కార్యాలయంలో పనిచేశాడు. సాంస్కృతిక విప్లవం రోజుల్లో గూఢచారివన్న నింద మోపి బీజింగ్ దగ్గర చిన్‌చెంగ్ జైల్లో ఐదేళ్లకు పైగా పెట్టారు. బయటికి వచ్చి అరవై దాటాక, 1978లో హాంకాంగ్‌లోని చైనా మర్చంట్స్ అనే ప్రభుత్వ నౌకా సంస్థను చక్కదిద్దమని పంపారు. అది 1872లో చింగ్ రాజుల కాలంలో పుట్టిన కంపెనీ. యువాన్ చేరేనాటికి పేరు మాత్రమే మిగిలింది.

హాంకాంగ్ వెళ్లిన కొత్తలో ఆయన కంపెనీ కోసం ఒక భవనం కొన్నాడు. బయానా రెండు కోట్ల హాంకాంగ్ డాలర్లు. అమ్మేవాళ్లు శుక్రవారం మధ్యాహ్నం రెండింటికల్లా సంతకాలు పూర్తవ్వాలని పట్టుబట్టారు. చెక్కు చేతికందగానే వాళ్ల మనిషి కిందికి పరుగెత్తాడు, ఇంజను ఆపకుండా ఉంచిన కారెక్కి బ్యాంకుకు పోయాడు. బ్యాంకు మూసేస్తే సోమవారం దాకా ఆగాలి, ఆ మూడు రోజుల వడ్డీ పోతుంది. జీవితమంతా ప్రణాళికా సంఘం లెక్కల మధ్య బతికిన యువాన్‌కు ఇది కళ్లు తెరిపించిన సంఘటన. ఆ తర్వాత ఏళ్ల తరబడి సభల్లో ఇదే చెప్పేవాడు.

ఆయనకు కావలసింది పాత ఓడలను విరిచి ఇనుము తీసే యార్డుకు కాస్త జాగా. హాంకాంగ్‌లో స్థలం ధర ఆకాశాన్నంటింది. సరిహద్దుకు ఇవతల, తన సొంత జిల్లాలో, ఖాళీ తీరం ఉంది. 1979 జనవరి 31న బీజింగ్‌లో ఉప ప్రధానులు లీ షియెన్‌నియెన్, గు ము ఎదుట హాంకాంగ్ పటం పరిచి తన గోడు చెప్పుకున్నాడు. లీ పెన్సిలు తీసుకుని నాన్‌టౌ ద్వీపకల్పం మొదట్లో గీత గీసి, ఈ భాగమంతా తీసుకో అన్నాడు. డబ్బు మాత్రం అడగొద్దు, నీ తిప్పలు నువ్వే పడు అని కూడా అన్నాడు. యువాన్ అదిరిపడ్డాడు. అంత నేలను బాగుచేయడానికి పెట్టుబడి ఎక్కణ్ణుంచి తేవాలి? కొసన ఉన్న షెకౌ అనే చోట 2.14 చదరపు కిలోమీటర్లు చాలన్నాడు. తనకు ఆనాడు గుండె ధైర్యం చాల్లేదని తర్వాత కాలంలో ఆయనే నొచ్చుకున్నాడట. చేతికొచ్చిన ద్వీపకల్పాన్ని వద్దన్న మనిషి చరిత్రలో ఇంకొకడు దొరకడం కష్టం. అయినా ఆ జాగ్రత్త వల్ల చెడింది లేదు. ఉన్న కొద్ది నేల మీదే రోడ్డు, నీళ్లు, కరెంటు, రేవు ముందు ఏర్పాటు చేసి, ఆ తర్వాతే కంపెనీలను పిలిచాడు.

1979 జూలైలో షెకౌ కొండను డైనమైట్‌తో పేల్చారు. రేవు పని మొదలైంది. మట్టి తోలే లారీ డ్రైవర్లు రోజుకు ఇరవై, ముప్ఫై ట్రిప్పులు వేసి ఆపేసేవారు. ఎంత తోలినా జీతం అంతే కదా. అక్టోబరులో కొత్త పద్ధతి పెట్టారు. రోజుకు 55 ట్రిప్పులు లక్ష్యం. అక్కడిదాకా ట్రిప్పుకు 2 ఫెన్‌లు అదనం, ఆపైన ప్రతి ట్రిప్పుకు 4 ఫెన్‌లు. ఫెన్ అంటే యువాన్‌లో నూరో వంతు. ట్రిప్పులు ఎనభై, తొంభైకి పెరిగాయి. ఒక డ్రైవరు ఒక్క రోజులో 131 వేశాడు. చూస్తుండగానే పైనుంచి ఉత్తర్వు వచ్చింది. బోనసుకు పరిమితి ఉంది, అది దాటుతున్నారు, ఆపండి. 1980 వసంతంలో ఆపారు. లారీలు మళ్లీ నెమ్మదించాయి. యువాన్ విలేకరులను పిలిపించి సంగతంతా రాయించాడు. ఆ నివేదిక నాయకుల బల్లమీదికి చేరాక పార్టీ ప్రధాన కార్యదర్శి హు యావోబాంగ్ కల్పించుకోవాల్సి వచ్చింది. ఆగస్టులో నాలుగు ఫెన్‌లు తిరిగొచ్చాయి.

నాలుగు ఫెన్‌ల బోనసు మీద దేశాన్నేలే పార్టీ ప్రధాన కార్యదర్శి తీర్పు చెప్పాల్సిన వ్యవస్థ అది. విదేశీ పెట్టుబడి రావాలంటే పన్ను ఎంత తగ్గించాలని నేటి ప్రభుత్వాలు తర్జనభర్జన పడుతుంటాయి. 1980లో అసలు ప్రశ్న అది కాదు. ఎవరు ఎక్కడ కూర్చుని సంతకం పెట్టగలరన్నది ప్రశ్న.

1979 జూలైలో నాలుగు చోట్ల ప్రత్యేక మండళ్లు పెట్టాలని కేంద్రం తేల్చింది. ఎంచుకున్న తీరు గమనించదగ్గది. షెన్‌జెన్ హాంకాంగ్ పక్కన, జుహై మకావు పక్కన. షియామెన్‌కు ఎదురుగా తైవాన్ ఉంది. షాన్‌టౌ పక్కన ఏ విదేశమూ లేదు, కానీ ఆగ్నేయాసియాలో వ్యాపారం చేసే లక్షలాది చైనీయుల పుట్టిళ్లు ఆ ప్రాంతంలోనే ఉన్నాయి. అంటే నక్షా మీద వేలు పెట్టి చూసింది ఖనిజాలను కాదు, చుట్టాలను. షాన్‌టౌ పేరు మొదట ఎత్తింది ఆ ఊరివాడే అయిన రాష్ట్ర కార్యదర్శి వు నాన్‌షెంగ్. పథకం బెడిసికొడితే తల నాదే తీయండని సభలో అన్నవాడూ ఆయనే. చివరికి ఆయన్నే షెన్‌జెన్ మండలికి తొలి నాయకుడిగా వేశారు.

1980 ఆగస్టు 26న జాతీయ ప్రజా కాంగ్రెస్ స్థాయీ సంఘం గ్వాంగ్‌డోంగ్ ప్రత్యేక ఆర్థిక మండళ్ల నిబంధనలను ఆమోదించింది. ముసాయిదా గురించి సభ్యులకు వివరించింది జియాంగ్ జెమిన్, అప్పటికి విదేశీ పెట్టుబడుల సంఘంలో ఒక అధికారి, తర్వాత దేశాధ్యక్షుడు. ఆ శరదృతువులో ఆయన బృందం శ్రీలంక, మలేసియా, సింగపూర్, ఫిలిప్పీన్స్, మెక్సికో, ఐర్లండ్‌లలోని మండళ్లు చూసి వచ్చింది. విమానాశ్రయం మూతపడకుండా కాపాడుకోవడానికి 1959లో ఐరిష్‌వాళ్లు పెట్టిన షానన్ మండలి వెనుకటి సంచికల్లో పాఠకులకు పరిచయమైందే. చైనా తన చట్టం ముందు చేసుకుని, ఊళ్లు తర్వాత చూసిందన్నమాట.

చట్టం వెలువడ్డాక, కొండల్లో దాక్కుని అవకాశం కోసం చూస్తున్న జనం ఒక్కసారిగా ఇళ్లకు మళ్లారని వు నాన్‌షెంగ్ తర్వాత చెప్పాడు. అందులో నిజం ఉంది, కానీ పూర్తి నిజం కాదు. అదే ఏడాది అక్టోబరులో హాంకాంగ్ తన పాత నిబంధన ఎత్తేసింది. నగరంలో పట్టుబడినా వెనక్కే. ఒక గట్టున ఆశ పుట్టడం, మరో గట్టున తలుపు మూసుకోవడం ఒకేసారి జరిగాయి. ఘనత మొత్తం ఏదో ఒకదానికే కట్టబెట్టడం అన్యాయం.

షెన్‌జెన్ మండలి వైశాల్యం 327.5 చదరపు కిలోమీటర్లు. కంపెనీల లాభం మీద పన్ను 15 శాతం. మొదలుపెట్టడానికి కేంద్రం ఇచ్చింది మూడు కోట్ల యువాన్ల అప్పు మాత్రమే. మరి వచ్చిన విదేశీయులు ఎవరు? థాయ్‌లాండ్‌కు చెందిన సీపీ గ్రూపు ఒక అమెరికన్ ధాన్యం కంపెనీతో కలిసి 1981లో కోళ్ల దాణా ఫ్యాక్టరీ పెట్టింది. షెన్‌జెన్‌లో విదేశీ పెట్టుబడి అనుమతి పత్రం 0001 దాని పేరనే ఉంది. సీపీ స్థాపకులు షాన్‌టౌ ప్రాంతం నుంచి వలసపోయిన కుటుంబమే. పెప్సీ సీసాలు నింపడానికి వచ్చింది. ఇలాంటి పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టాలి. తక్కినవాళ్లలో ఎక్కువమంది హాంకాంగ్ చిన్న ఫ్యాక్టరీల యజమానులు. బొమ్మలు, చేతిసంచులు, రేడియోలు, ప్లాస్టిక్ పూలు చేసేవాళ్లు. అద్దె, కూలి రెండూ పెరిగి ఊపిరాడక ఇటు వచ్చారు. ముడిసరుకు, యంత్రాలు వాళ్లవి, షెడ్డు, చేతులు ఇక్కడివి. తయారైన సరుకు లారీ ఎక్కి మళ్లీ హాంకాంగ్ రేవుకే పోయేది. యజమాని పొద్దున రైలెక్కి వచ్చి, పనివాళ్లను కాంటనీస్‌లో కేకలేసి, రాత్రికి ఇంటికి చేరేవాడు. దీన్నే కాగితాల మీద విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి అన్నారు.

నేల సంగతికొస్తే కథ ఇంకా రంజుగా ఉంటుంది. అప్పటి చైనా రాజ్యాంగం ప్రకారం నేలను అమ్మకూడదు, కౌలుకివ్వకూడదు. కానీ షెన్‌జెన్ దగ్గర ఉన్న ఆస్తి నేల ఒక్కటే. మొదట హాంకాంగ్ బిల్డర్లతో కలిసి ఇళ్లు కట్టి, లాభం పంచుకున్నారు. నేల మాది, డబ్బు మీది అన్న ఒప్పందం. తర్వాత వాడకపు రుసుము వసూలు చేశారు. చివరికి 1987 డిసెంబరు 1న ముసుగు తీసేశారు. 8,588 చదరపు మీటర్ల స్థలాన్ని 50 ఏళ్ల హక్కుతో బహిరంగ వేలం వేశారు. ప్రజా చైనా పుట్టాక అలాంటి వేలం అదే మొదటిది. 52.5 లక్షల యువాన్లకు స్థానిక ప్రభుత్వ రియల్ ఎస్టేట్ సంస్థే పాడుకుంది. రాజ్యాంగాన్ని సవరించింది మాత్రం 1988 ఏప్రిల్‌లో. సుత్తి దెబ్బ ముందు, చట్టం తర్వాత. ఇవాళ చైనా నగరాలు నేల హక్కులు అమ్మి నడుస్తున్నాయంటే, ఆ అలవాటుకు మొదటి రోజు అదే.

ఇదంతా నున్నగా సాగిందనుకుంటే పొరపాటు. 1982లో బీజింగ్‌లో గాలి ఎదురు తిరిగింది. దొంగ సరుకు, లంచాలు పెరిగిపోయాయన్నారు. షాంఘై లాంటి రేవుల్లో పాశ్చాత్య దేశాలు ఒకప్పుడు సొంత జాగీర్లు పెట్టుకున్న వైనాన్ని గుర్తుచేస్తూ పార్టీలో పత్రాలు తిరిగాయి. మండళ్లంటే ఆ పాత అవమానమే కొత్త బట్టలేసుకుని వచ్చిందన్నది వాటి సారం. ఆర్థిక విషయాల్లో డెంగ్‌తో సమానంగా పలుకుబడి ఉన్న చెన్ యున్ తన జీవితంలో ఏ మండలిలోనూ కాలు పెట్టలేదు. హాంకాంగ్‌వైపు కంచె ఎటూ ఉంది. ఇప్పుడు చైనావైపు కూడా 80 కిలోమీటర్లకు పైగా రెండో కంచె వేశారు. సొంత దేశస్థులు షెన్‌జెన్‌లోకి వెళ్లాలన్నా అనుమతి కాగితం చూపించాల్సి వచ్చేది. లోపలి గాలి బయటికి సోకుతుందని అంత భయం.

1984 జనవరిలో డెంగ్ స్వయంగా చూడ్డానికొచ్చాడు. అప్పటికి ఇరవై వేలమంది ఇంజనీరింగ్ దళ సైనికులు యూనిఫాం విప్పేసి నిర్మాణ కంపెనీల్లో చేరిపోయారు. 53 అంతస్తుల వాణిజ్య భవనాన్ని మూడు రోజులకో అంతస్తు చొప్పున లేపుతున్నారు. ఆయన అన్నీ చూశాడు, ఒక్క మాట అనలేదు. అతిథులను సాగనంపిన అధికారుల గుండెల్లో రాయి పడింది. షెకౌలో మాత్రం యువాన్ గెంగ్ తన బోర్డు ఆయన కంటబడేలా జాగ్రత్తపడ్డాడు. కాలమే డబ్బు, సామర్థ్యమే ప్రాణం అని ఆ బోర్డు. పెట్టుబడిదారీ వాసన కొడుతోందని విమర్శలు వచ్చి, అంతకుముందు ఒకసారి దాన్ని తీసేయాల్సి వచ్చింది. డెంగ్ గ్వాంగ్‌జౌ చేరాక కుంచె తీసుకుని, షెన్‌జెన్ అనుభవం మన మండళ్ల విధానం సరైనదని రుజువు చేసిందని రాసిచ్చాడు. కింద తేదీ మాత్రం షెన్‌జెన్‌లో ఉన్న రోజుదే వేశాడు. ఆ ఏడాది మరో 14 తీర నగరాలకు తలుపులు తెరిచారు. అక్టోబరు 1న తియెనన్‌మెన్ కవాతులో షెకౌ శకటం మీద ఆ బోర్డు మాటలే ఊరేగాయి.

ఏడాది తిరిగేసరికి హాంకాంగ్ ఆర్థికవేత్త ఒకాయన లెక్కలు తీసి అడిగాడు. షెన్‌జెన్ ఎగుమతుల కోసం కదా పెట్టింది, మరి దిగుమతి సరుకు దేశం లోపలికి అమ్ముకుని బతుకుతోందేమిటి? ప్రశ్న న్యాయమైనదే. షెన్‌జెన్ ఒక ప్రయోగం మాత్రమేనని డెంగ్ కూడా 1985లో స్వరం తగ్గించాడు. నగరం నిజంగా ఎగుమతుల దారి పట్టింది ఆ తర్వాతే. 1988లో తైవాన్‌కు చెందిన ఫాక్స్‌కాన్ అక్కడ తొలి ఫ్యాక్టరీ తెరిచింది. సైన్యం నుంచి బయటికొచ్చిన ఒక ఇంజనీరు అంతకు ముందు ఏడాదే 21,000 యువాన్లతో హువావే అనే చిన్న వ్యాపారం పెట్టాడు. విదేశీయుల కోసం వేసిన పందిట్లో స్వదేశీ పెళ్లి కూడా జరిగిపోయింది.

ఈ లెక్కల్లో కనబడనివాళ్లు ఆ షెడ్లలో పనిచేసినవాళ్లు. సిచువాన్, హునాన్, హెనాన్ పల్లెల నుంచి వచ్చిన పద్దెనిమిది, ఇరవై ఏళ్ల ఆడపిల్లలు. నివాస పత్రం ఊళ్లోనే ఉండేది కాబట్టి నగరంలో వాళ్లకు బడి, ఆసుపత్రి, ఇల్లు ఏ హక్కూ ఉండేది కాదు. కంపెనీ హాస్టల్లో బంకు మంచం, ఉద్యోగం పోతే తిరుగు బస్సు. 1993 నవంబరు 19న షెన్‌జెన్ శివార్లలో హాంకాంగ్ యజమాని నడిపే ఝిలీ బొమ్మల ఫ్యాక్టరీ అంటుకుంది. కిటికీలకు ఇనుప చువ్వలు, తలుపులకు తాళాలు. 87 మంది చనిపోయారు. దాదాపు అందరూ ఆడపిల్లలే. పెట్టుబడి కోసం అధికారులు ఏ తనిఖీలు చూసీ చూడనట్టు వదిలేశారో ఆ తాళాలే చెప్పాయి. చైనా తన మొదటి కార్మిక చట్టాన్ని మరుసటి ఏడాది జూలైలో ఆమోదించింది.

షెకౌ సంగతి ఇంకొకటుంది. యువాన్ గెంగ్ అక్కడ ఫ్యాక్టరీలతో ఆగలేదు. 1983లో నిర్వాహక సంఘాన్ని ఉద్యోగుల ఓట్లతో ఎన్నుకునే పద్ధతి తెచ్చాడు. నాయకుల మీద విశ్వాస ఓటింగు పెట్టాడు. స్థానిక పత్రికలో తనను విమర్శిస్తూ రాసింది వేయనిచ్చాడు. చైనా మర్చంట్స్ బ్యాంకు, పింగ్ ఆన్ బీమా కంపెనీ రెండూ 1987, 88లలో ఆ కాస్త నేల మీదే పుట్టాయి. బ్యాంకు, బీమా దేశమంతా పాకాయి. ఓట్ల పద్ధతి పాకలేదు. 1992లో ఆయన విశ్రాంతి తీసుకున్నాడు. ఆ ఏడాది జనవరిలోనే 87 ఏళ్ల డెంగ్ మళ్లీ షెన్‌జెన్ వచ్చి, సంస్కరణలు ఆగవని దేశానికి చెప్పి వెళ్లాడు. ఈసారి మాటలు దాచుకోలేదు. మండలి హోదాను 2010లో నగరమంతటికీ వర్తింపజేశారు. చైనావైపు కంచెను ఎత్తేయడానికి 2018లో అధికారికంగా అనుమతి వచ్చింది. 2020 జనగణన నాటికి అక్కడ కోటీ 75 లక్షల మంది ఉన్నారు.

ఇది చూసి మురిసిన విదేశీ మంత్రుల్లో మన మురసోలి మారన్ ఒకరు. వాణిజ్య మంత్రిగా చైనా వెళ్లివచ్చాక 2000లో భారత సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) విధానం ప్రకటించారు. 2005లో చట్టం వచ్చింది, 2006 ఫిబ్రవరిలో అమలులోకి దిగింది. షెన్‌జెన్ 32,750 హెక్టార్లు. 2006 నాటి మన నిబంధనల్లో ఐటీ సెజ్‌కు 10 హెక్టార్లు చాలన్నారు. పెద్ద సెజ్‌కు కూడా 2007లో 5,000 హెక్టార్ల పరిమితి పెట్టారు. చైనా మొదట నాలుగు మండళ్లతో ఏళ్ల తరబడి తంటాలు పడితే, మనం కొద్ది సంవత్సరాల్లోనే ఐదొందలకు పైగా అనుమతులిచ్చాం. ఇంకో తిరకాసు ఏమిటంటే, ఆసియాలో తొలి ఎగుమతి మండలి 1965లో పుట్టింది చైనాలో కాదు, మన కచ్‌లోని కాండ్లాలో. షెన్‌జెన్ కంటే పదిహేనేళ్లు ముందు. అది ఎందుకు వెనకబడిందో, విశాఖ పక్కన దువ్వాడ మండలికీ తడ దగ్గరి శ్రీసిటీకీ అది ఏ పాఠం వదిలిందో, పోలేపల్లి, కాకినాడ రైతులు ఎందుకు రోడ్డెక్కారో వచ్చే సంచికలో.